పదో చెయ్యి తర్లగూడలో ఉంది

సీసాల గది తాళాలు కొత్తగా చేతికి తీసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉత్తర్వులో మిమ్మల్ని నమూనాల సంరక్షకులని అంటారు. ఆ మాటను నమ్మకండి. స్పిరిట్‌లో పెట్టిన జీవి చచ్చిపోతుంది గానీ మారడం మానదు. రంగు వదులుతుంది, మెత్తబడుతుంది, రాలిపోతుంది. ఆ మార్పును ఆలస్యం చేయడమే మీ పని. ఆపడం ఎవరి వల్లా కాదు.

ఎప్పుడు బదిలీ అయ్యానో, ఏ గ్రేడు నాకు దక్కకుండా ఎవరు అడ్డం పడ్డారో ఇక్కడ రాయను. ఆ పేర్లన్నీ నా దగ్గర ఉన్నాయి. ఇక్కడ రాసేది ఒక్క సీసా గురించే. ఆ సీసా దగ్గర నాకొక అవమానం జరిగింది, నేనొక తప్పు చేశాను. అవమానం గురించి అడగకుండానే అందరికీ చెప్పాను. తప్పు గురించి అడిగినవాళ్లకే చెప్పాను.

మంచినీళ్లు

మాది భోపాల్‌పట్నం. బస్తర్ ఇంకా సంస్థానంగా ఉన్న రోజుల్లో, చదువు మధ్యలో ఆపేసి, మేనమామ వెంట దక్షిణాన పగడాల దిబ్బలున్న తీరానికి వెళ్లాను. అక్కడ కాలేజీలకు సముద్రజీవుల్ని పట్టి పంపే ఒక పెద్దాయన దగ్గర నాలుగేళ్లు పని నేర్చుకున్నాను.

పగలు ఆ దిబ్బల సందుల్లో పిడికిళ్లలా ముడుచుకున్నవి ఏవో కనిపిస్తాయి, అంతే. పొద్దు వాలేసరికి ఆ పిడికిళ్లు విచ్చుకుంటాయి. ఈకల్లాంటి చేతులు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ఒక్కో జీవి ఆ చేతుల మీదే పాకుతూ దిబ్బ కొసకు ఎక్కి, అడుగునున్న కొక్కేల్లాంటి కాళ్లతో గట్టిగా పట్టుకుని, చేతులన్నీ చాపి నిలబడుతుంది. పక్కన ఇంకొకటి. ఆ పక్కన ఇంకొకటి. ఒక్కదానికీ కళ్లు లేవు, తల లేదు. నోరు మాత్రం నడిమధ్యన పైకి తెరుచుకుని ఉంటుంది. నీళ్లలో కొట్టుకొచ్చే నలుసుల్ని ఈకలు పట్టి, ఒకదానికొకటి అందించుకుంటూ నోటిదాకా చేరుస్తాయి. అన్నీ ఒకేసారి, చప్పుడు లేకుండా. నీళ్లలో తల ముంచి నేను మొదటిసారి చూసిన సాయంత్రం, అవన్నీ ఎవరికోసమో ఎదురుచూస్తున్నాయనిపించింది. నాకోసం కాదు గదా అని కూడా అనిపించింది.

నేను దాన్ని ఈకలచుక్క అని రాసుకున్నాను. పసితనంలో అది ఒక కాడ మీద పువ్వులా నాటుకుని ఉంటుందట. ఒకరోజు ఆ కాడను తెంపుకుని లేచిపోతుంది.

మొదటిది నా చేతికి వచ్చినప్పుడు, ఇసుక కడుగుదామని కుండలోని మంచినీళ్లలో వేశాను. లెక్కపెట్టేలోగా అది తన చేతులన్నీ వదిలేసింది. ఎవరూ తెంపలేదు, అదే వదిలేసింది. తెగిన చేతులు కుండ అడుగున చాలాసేపు విడివిడిగా మెలికలు తిరిగాయి. పెద్దాయన వచ్చి చూసి, "నీ చేతిలో పడేకంటే తన చేతులు పోయినా పర్వాలేదనుకుంది పాపం" అన్నాడు. ఆ మాటకు పక్కనున్న జాలర్లంతా నవ్వారు. నవ్వినవాళ్లు ఐదుగురు.

కానీ పని నేర్పాడు. పళ్లెంలో సముద్రపు నీళ్లు పోసి, దాన్ని పరిచి, అది నెమ్మదించి చేతులు చాపిన క్షణంలో, ఆ నీళ్లు వంచేసి, గాఢమైన స్పిరిట్ ఒక్కసారిగా కుమ్మరించాలి. చేతులు వదిలేయాలని దానికి తోచేలోగా అయిపోవాలి. అలా నేను చేసిన వాటిలో అన్నిటికంటే మంచిది, పది చేతుల ఎర్రది, నాతో బస్తర్ వచ్చింది. మొదటి రోజు దాని స్పిరిట్ నెత్తురులా అయింది. మార్చాను. మర్నాడు మళ్లీ నెత్తురు. మూడోసారి మార్చాక లేత గులాబీ. అప్పటికి జీవి ఎముక రంగుకు వచ్చేసింది. చచ్చిన చాలారోజుల దాకా ఇంత రంగు వదిలింది నేను ఇంకొకటి చూడలేదు.

అచార్‌వాలా

జగదల్‌పూర్‌లో ఒక బడికి అనుబంధంగా సీసాల గది పెట్టి నన్ను వేశారు. సముద్రం మొహం చూడని ఊళ్లో సముద్రపు జీవులు. గది నేల ఆ చుట్టుపక్కల దొరికే సున్నపురాతి పలకలతో పరిచారు. ఆ రాయి కూడా ఒకప్పుడు సముద్రపు అడుగే, ఇప్పటి జీవులేవీ పుట్టకముందు నాటిది. ఈ సంగతి నేను చెప్పేదాకా అక్కడ ఎవరికీ తెలియదు. చెప్పాక ఎవరూ పట్టించుకోలేదు.

నా పై అధికారి సూపరింటెండెంటు బయటినుంచి వచ్చినవాడు. మా తెలుగు మాట రాదు, నేర్చుకోలేదు. ఒకసారి బయటి అతిథుల్ని తీసుకొచ్చి, నేను అక్కడే నిలబడి ఉండగా, "ఏ హమారా అచార్‌వాలా హై" అన్నాడు. ఊరగాయలవాడు! అందరూ నవ్వారు. రెండోసారి బడి ఉత్సవంలో, మూడోసారి నా కింది ఉద్యోగి ముందు. మూడోసారి అయ్యాక నేను దివానుగారికి అర్జీ రాశాను. నా పని మీద ఒక్క తప్పు చూపించమని అందులో సవాలు చేశాను. ఆ వాక్యం గుర్తుంచుకోండి.

ఆ కింది ఉద్యోగి ఎర్రయ్య. తర్లగూడ ఊరివాడు, దోర్ల తెగ మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద. ఊళ్లో భూమిని తమ్ముడి మీద వదిలి, గది తుడవడానికీ సీసాలు నింపడానికీ వచ్చాడు. వానలకు ముందు విత్తనాల పండుగకు మాత్రం ఊరికి పోయి విత్తి వచ్చేవాడు. స్పిరిట్ ఆవిరై తగ్గిన సీసాల్ని నెలకోసారి నింపాలి. నింపే ముందు అతను మూడు చుక్కలు నేల మీద వదిలేవాడు.

"ఏంది ఎర్రయ్యా, వృథా చేస్తున్నావ్?"

"చనిపోయినోళ్లకు పొయ్యకుంట మనం ముట్టం గద సారూ."

"నువ్వు తాగుతున్నావా ఏంది?"

"నేను తాగుతలే. లోపలామె తాగుతున్నది గద."

ఈకలచుక్క అతనికి ఎప్పుడూ ఆమే. మిగిలిన సీసాల్లోవి మాత్రం అవి, ఇవి.

నిప్పు పరీక్ష

యుద్ధం రోజుల్లో రైలు మీద రావలసిన స్పిరిట్ రావడం ఆగిపోయింది. సీసాల్లో మట్టం దిగుతోంది. ఈకలచుక్క చేతుల కొసలు రెండు గాలికి తేలాయి. ఉన్న స్పిరిట్‌నే సర్దుకోవాలనీ, బయటి సారా ఏదీ పోయకూడదనీ సూపరింటెండెంటు కాగితం పంపాడు. ఆయన చెప్పాడు కాబట్టి నాకు అది తప్పనిపించింది. ఇది నిజం, ఇంకో కారణం లేదు.

ఎర్రయ్యను అంగడికి పంపి ఇప్పసారా తెప్పించాను. రాతి పలక మీద కాస్త పోసి అగ్గిపుల్ల గీశాను. నీలంగా మండింది. అది చాలనుకున్నాను. చాలదు. మండే సారాలో సగం నీళ్లుంటాయి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ చాలనుకున్నాను.

ఆ తర్వాత తెచ్చిన సీసాల్ని ఆ పరీక్ష కూడా చేయలేదు. మూడో నెలలో ఎర్రయ్య మూత తీసి వాసన చూసి నా వైపు తిప్పాడు.

"సారూ, ఇది సల్ల సారా, నీళ్లే ఎక్కువ. దీంట్ల పానం లేదు."

"నీకేం తెలుసు దీని సంగతి?"

"సారా సంగతి నాకు తెల్వదా?" అని నవ్వాడు.

నేను నవ్వలేదు. పొయ్యమన్నాను. మూడు చుక్కలు నేల మీద వదిలి, పోశాడు.

కొన్నాళ్లకు సీసా అడుగున తెల్లటి మడ్డి పేరుకోసాగింది. అంగడి సారాలో ఉండే మురికి అనుకున్నాను. పొద్దున్నే గది తెరిచేసరికి చేతులు నిన్నటి చోట లేవనిపించేది. ఒక చెయ్యి గాజుకు ఆనుకుని ఉండేది. మర్నాడు అది లోపలికి వంగి ఉండేది. తాళం నా దగ్గరే ఉంది. ఎవరూ కదపలేదు. తలుపు తీసిన గాలికి స్పిరిట్ కదులుతుంది అని నాకు నేను చెప్పుకుని, ఆ సీసా వైపు వీపు పెట్టి పని చేసుకునేవాణ్ని. వీపు పెట్టి ఎక్కువసేపు ఉండలేకపోయేవాణ్ని.

తొమ్మిది

నా అర్జీ దివాను కచేరీకి చేరిందని తెలిసిన వారమే సూపరింటెండెంటు రిజిస్టరు పట్టుకుని తనిఖీకి వచ్చాడు. ఏడేళ్లలో మొదటిసారి. ఈకలచుక్క దగ్గర ఆగి వేలితో గాజు మీద లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"రిజిస్టరులో పది. ఇక్కడ తొమ్మిది. ఒకటి ఏది?"

నేను లెక్కపెట్టాను. తొమ్మిదే. తెగిన ముక్క కూడా సీసాలో ఎక్కడా లేదు.

ఆయన ఎర్రయ్య వైపు చూశాడు. "ఈ జంగ్లీలు ఇలాంటివి జాదూటోనాకు పట్టుకుపోతారు. నాకు తెలుసు."

ఎర్రయ్యకు హిందీ వచ్చు. మొహంలో ఏమీ మారలేదు. చేతిలోని గుడ్డను మడిచి, ఇంకా మడిచి, గూట్లో పెట్టాడు. అదే రోజు పనిలోంచి తీసేశారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అడివి మనుషుల మూఢనమ్మకాల గురించి చాలామంది పెద్దలు రాశారు. ఈ సంగతిలో చేతబడి అనే మాట పుట్టింది అడవిలో కాదు, మా గదిలో, ఒక చదువుకున్న మనిషి నోట్లో. అడవికి అది ఇక్కణ్నుంచే వెళ్లింది.

రాజం తెచ్చిన మాట

భోపాల్‌పట్నం వైపు సామాన్ల లారీ నడిపే రాజం మా ఊరివాడు. మూడు వారాల తర్వాత వచ్చి గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"ఏంది పంతులూ, మీ ఎర్రయ్య చచ్చినదాని చెయ్యి తీస్కపోయిండంట?"

"ఎవరన్నారు?"

"కచేరీ బంట్రోతు అన్నడు, డ్రైవర్లు అన్నరు, నేను గూడ అన్న. దారంత ఏం మాట్లాడుకుంటం మరి? తర్లగూడల ఇద్దరికి జెరం తగిలింది. ఎర్రయ్యను పొలిమేర కాడ గుడిసెల ఉండమన్నరు."

"ఉండమంటే ఏమైంది, ఉంటాడు."

"అట్లంటవేంది! ఇంక తొమ్మిది రోజులకు విత్తనాల పండుగ. ఊరు విత్తనం చేతిల పెడితేనే దుక్కిల జల్లాలె. చెయ్యి దొరికేదాక ఎర్రయ్యకు పెట్టరంట. తమ్మునికి గూడ పెట్టరు, ఒకటే ఇల్లు గద. ఏడాదంత ఏం తింటరు?" అని, సీసాల వైపు ఓరగా చూసి, "అండ్ల దేనికన్న చేతులు ఎక్కువున్నయా, ఒకటి ఇచ్చి పంపు" అన్నాడు.

అతను వెళ్లాక సీసా మూత తీశాను. మిట్టమధ్యాహ్నం. స్పిరిట్ పింగాణీ పళ్లెంలోకి వంచి, జీవిని బయటికి తీయబోయాను. అడుగు కొక్కేలు నా చూపుడువేలి చర్మాన్ని పట్టుకున్నాయి. చచ్చి ఏడేళ్లయినది నా వేలిని పట్టుకుంది. విదిలించలేదు. విదిలిస్తే మిగతావి కూడా రాలతాయని తెలుసు. ఒక్కో కొక్కేన్ని సూదితో విడిపించుకుంటూ చాలాసేపు అలాగే నిలబడ్డాను.

తర్వాత పళ్లెంలోని మడ్డిని భూతద్దం కింద పెట్టాను. మురికి కాదు. నూకల్లాంటి తెల్లటి బిళ్లలు, ఒక్కోదానికి మధ్యన సన్నటి బెజ్జం. ఈకలచుక్క చెయ్యి అంతా ఇలాంటి బిళ్లల వరసే. వాటిని పట్టి ఉంచే కండ కుళ్లితే చెయ్యి విరగదు, పూసల దండ తెగినట్టు రాలిపోతుంది. పదో చెయ్యి ఎక్కడికీ పోలేదు. నెలల తరబడి మా కళ్లముందే అడుగున పడి ఉంది. మిగిలిన తొమ్మిదిలో రెండు, ముట్టుకుంటే చాలు రాలేలా ఉన్నాయి.

సల్ల సారా. పొయ్యమన్నది నేను.

ఈ మాట బయటపెడితే ఎర్రయ్య బతుకుతాడు, నా అర్జీ చస్తుంది. ఒక్క తప్పు చూపించమన్న సవాలుకు నేనే జవాబు రాసి ఇచ్చినట్టవుతుంది. సూపరింటెండెంటు నవ్వే నవ్వు నాకు వినబడుతూనే ఉంది. అర్జీ మీద విచారణ వారంలో అన్నారు. అది అయ్యాక చెబుదాం అనుకున్నాను. అలా ఐదు రోజులు ఊరుకున్నాను. ఒకటి కాదు, ఐదు. నన్ను ఎవరెవరు ఎన్నిసార్లు అవమానించారో లెక్క పెట్టుకున్నవాణ్ని, ఈ లెక్కను కూడా దాచను.

ఆ ఐదు రోజులూ గదిలోకి వెళ్లగానే నా చూపుడువేలు పట్టేసినట్టుండేది.

తర్లగూడ

ఆరో రోజు నూకల్ని వేరే చిన్న సీసాలో పోసి, రెండు సీసాలూ పట్టుకుని రాజం లారీ ఎక్కాను. ఆ సీసాలు తన పక్కన పెట్టనివ్వలేదు రాజం. సామాన్ల మీద కూర్చుని ఒళ్లో పెట్టుకుని రెండు రోజులు ప్రయాణం చేశాను. భోపాల్‌పట్నంలో ఇంటికి పోకుండా బండి మాట్లాడుకుని పండుగ ముందురోజు పొద్దున తర్లగూడ చేరాను.

పొలిమేర దగ్గర గుడిసె ముందు ఎర్రయ్య బుట్ట అల్లుతున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"తెచ్చినవా సారూ?"

"తెచ్చాను."

"ఎక్కడ దొరికింది?"

"సీసాలోనే ఉంది."

అతను అల్లిక ఆపి నా మొహం వైపు చూశాడు. నాకంటే ముందే అతనికి అర్థమైపోయిందని నా నమ్మకం.

ఊరివాళ్లు ఇప్పచెట్ల కింద కూర్చున్నారు. ఒక విస్తరాకు తెమ్మని, దాని మీద నూకలు పోశాను. భూతద్దం చేతులు మారింది. చేతికి అంటకుండా చూశారు. ఊరిపెద్ద తెల్లటి మీసాల మనిషి. "చెయ్యి ఇట్లుంటదా?" అన్నాడు. బతికినప్పుడు ఎలా ఉంటుందో, కండ కుళ్లితే ఎలా రాలుతుందో చెప్పాను. నమ్మినట్టు లేదు. నా సైన్సు అక్కడితో ఆగిపోయింది.

అప్పుడు ఒక ముసలామె లేచి వచ్చింది. ఊళ్లో సారా కాచేది ఆమేనట. పెద్ద సీసా మూత నేను ఆపేలోగా తీసి వాసన చూసింది. వేలు ముంచి నాలికకు రాసుకుని ఉమ్మేసింది.

"థూ! కడుగు సారా. దీంట్ల చేప గూడ నిలవది. ఎవడు పొయ్యమన్నడు?"

అందరూ ఎర్రయ్య వైపు చూశారు. ఎర్రయ్య నా వైపు చూడలేదు. నేల వైపు చూశాడు. వేలు పెట్టి చూపిస్తే అయిపోయేది. చూపించలేదు.

"నేను" అన్నాను. "ఇది సల్ల సారా అని అతను చెప్పాడు. నేను వినలేదు. చెయ్యి నేను పోగొట్టాను."

"సదువుకున్నోనివి గదరా బిడ్డా" అంది ముసలామె. "ఎర్రయ్య ముక్కు మీద నమ్మకం లేకుంటే నాకన్న కబురంపకపోయినవ్?"

ఎవరో నవ్వారు. ఈసారి నవ్విన వాళ్లను నేను లెక్కపెట్టలేదు.

ఊరిపెద్ద మిగతావాళ్లతో దోర్లీలో మాట్లాడి నా వైపు తిరిగాడు. "ఎర్రయ్య మీద ఏం లేదు. రేపు విత్తనం తీసుకుంటడు. ఇగ ఈమె సంగతి. ఎక్కడనో పుట్టింది, మనకాడికొచ్చి చెయ్యి రాల్చుకున్నది. ఇట్ల వొదిలేస్తే తిరుగుతది. మా ఊళ్లె సచ్చినోళ్లకు రాయి పెడతం. దీనికి గూడ పెట్టాలె. తప్పు నీది, రాయి నువ్వే మొయ్యాలె."

మోశాను. వాగులోంచి మోకాలెత్తు రాయి. వాళ్లవాళ్ల రాళ్ల వరస చివర, ఎర్రయ్య చేను గట్టున, గుంటలో ఆ నూకలు పోసి దాని మీద నిలబెట్టాం. ముసలామె తన సారా తెచ్చింది. ఎర్రయ్య మూడు చుక్కలు వదిలాడు. మర్నాడు అతని చేతిలో ఊరు విత్తనం పెట్టింది. అది నేను ఉండి చూశాను.

ఉద్యోగానికి తిరిగి రమ్మన్నాను. "వద్దు సారూ. సచ్చినోళ్లకు ఇగ ఈడనే పోస్త" అన్నాడు.

రిజిస్టరు

తిరిగివచ్చి దివాను కచేరీకి ఇంకో కాగితం రాశాను. అర్జీ వెనక్కి తీసుకోలేదు. అచార్‌వాలా అనడం తప్పే, ఇప్పటికీ తప్పే. కానీ చెయ్యి నేను పోగొట్టాననీ, ఎర్రయ్య నిర్దోషి అనీ చేర్చాను. అర్జీ కొట్టేశారు. సూపరింటెండెంటు వెళ్లిపోయేదాకా నన్ను ఆ పేరుతోనే పిలిచాడు. ఆయన నన్ను పిలిచిన ప్రతిసారీ నేను తేదీ రాసుకున్నాను.

స్పిరిట్ మళ్లీ వచ్చాక తొమ్మిది చేతుల్నీ నిలబెట్టాను. రిజిస్టరులో రాశాను: చేతులు పది. ఇక్కడ తొమ్మిది. ఒకటి తర్లగూడలో. తర్వాత వచ్చిన అధికారులు ఇద్దరు దాన్ని కొట్టెయ్యమన్నారు. కొట్టెయ్యలేదు.

మీకు నేను చెప్పగలిగింది ఇంతే. మొదటి సీసాను పరీక్షించినట్టే చివరి సీసానూ పరీక్షించండి. అడుగున పేరుకున్నదాన్ని మురికి అనే ముందు భూతద్దం కింద పెట్టండి. మీ కింద పనిచేసే మనిషికి వాసన తెలిస్తే ఆ వాసన నమ్మండి.

ఉద్యోగం మానే ముందు ఒకసారి తర్లగూడ వెళ్లాను. ఎర్రయ్య చేను మోకాలెత్తు పచ్చగా ఉంది. రాయి అలాగే ఉంది. ఎండ మండుతోంది, చుట్టూ ఎవరూ లేరు. రాయి పైన మూడు చుక్కల తడి ఇంకా ఆరలేదు. దగ్గరికి వంగితే ఇప్పసారా వాసన రాలేదు. ఎప్పుడో నా చేతులకు అంటుకుని ఉండే ఉప్పునీళ్ల వాసన వచ్చింది.

ఎర్రయ్య ఇంటికి వెళ్లి, "రోజూ నువ్వే పోస్తున్నావా?" అని అడిగాను.

అతను నా చూపుడువేలి వైపు చూశాడు. నేను దాన్ని ఇంకో చేత్తో పట్టుకుని ఉన్నానని అప్పుడే గమనించాను.

"మేం ఏడాదికోపాలి పోస్తం సారూ" అన్నాడు. "రోజు ఎవరో వచ్చి పోస్తున్నరు, నువ్వే పంపిస్తున్నవనుకున్నం."